వాకిట మేకు, భుజాన తువ్వాల

1929వ సంవత్సరం జూలై ఒకటో తేదీన శ్రీ దేవేంద్రప్పగారు కర్నూలులోని మన గాజు కార్ఖానాలో చెక్కడపు పనివారుగా చేరారు. ఆనాడు రాగి చక్రాన్ని కాలితో తొక్కి తిప్పేవారు. కాలు తీస్తే చక్రం నిలిచేది. గాజుపొడి రొమ్ములో చేరకుండా చక్రం మీద నీటిచుక్కలు పడుతూ ఉండాలని, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలని తొలిరోజే నేర్చుకొని, నేటి వరకు తప్పలేదు. పొడిగా చెక్కితే పని త్వరగా తెములుతుందన్నవారు ముందుగా దగ్గి, ముందుగానే వెళ్లిపోయారు.

1953లో కర్నూలు రాజధాని అయింది. కచేరీల తలుపులకు పేర్లు చెక్కిన అద్దాలు కావలసి వచ్చి, మోటారు బిగించారు. కాలు తీసినా నిలవని చక్రాన్ని చూసి దేవేంద్రప్పగారు మొదటిసారి భయపడ్డారు. అన్నం ముందు కూర్చుని తమ వేళ్లను తాకి చూసుకొనేవారని వారి ధర్మపత్ని హులిగెమ్మగారు చెప్పారు. ఆ భయంతోనే చెక్కడపు గది వాకిట ఒక మేకు కొట్టి, భుజం మీది తువ్వాల దానికి తగిలించిన తర్వాతే లోపలికి రావాలని కట్టడి చేశారు.

మన సీమలో మగవాడు తువ్వాల తీసేది పెద్దల ముందర. తోటి పనివారు నాగన్నగారు ఎదురుతిరిగారు.

"ఎవురి ముందర తీయల్లప్పా? నీ ముందరనా?"

"నా ముందర కాదప్పా. దాని ముందర," అని చక్రాన్ని చూపి, దేవేంద్రప్పగారు తమ తువ్వాల మొదట తగిలించారు.

మరుసటి వేసవిలో రాజంపేట నుంచి కార్ఖానా భాగస్తులు ఓబులేసుగారు వచ్చారు. ఆయనను తువ్వాల తీయమనడానికి మనలో ఎవరికీ నోరు రాలేదు. దేవేంద్రప్పగారు ఒక్కరే చెప్పారు. ఆయన నవ్వి, గాజు మీద తన పేరు ఎట్లా పడుతున్నదో చూడడానికి వంగారు. మోటారు ఆపడానికి దేవేంద్రప్పగారు లేచేలోగా తువ్వాల కొస ఇరుసుకు చుట్టుకుంది. మెడ చక్రం వైపు పోతున్నది. స్విచ్చి అవతలి గోడకు ఉంది. మోటారు నుంచి చక్రానికి తిరుగుతున్న తోలు పట్టాను దేవేంద్రప్పగారు ఎడమచేత్తో లాగి పడవేశారు. రెండు వేళ్లు పోయాయి, మెడ దక్కింది.

ఓబులేసుగారు లేచి అన్న మాట, "కొత్త టువ్వాల పాయెనే." సన్మాన సంచికలో ఇటువంటివి రాయకూడదంటారు. రాయకపోవడం న్యాయం కాదు.

గాయం మానిన తర్వాత దేవేంద్రప్పగారు మళ్లీ అదే చక్రం ముందు కూర్చున్నారు. భయం తగ్గలేదు. తగ్గకూడదనే వారి మతం.

"నాకు భయం పోయిన్నాడు నన్ను ఈడికి రానీయొద్దు నాగన్నా," అనేవారు.

ఆ నాగన్నగారే ఇప్పుడు వాకిట నిలబడి, వచ్చినవారికి మేకు చూపిస్తున్నారు.

ఈ 1958 జూన్ ముప్పైన పదవీ విరమణ సందర్భంగా శాలువా కప్పుతామంటే వారు ఒక్కటే కోరారు: చెక్కడపు గదిలో వద్దు, బయట అరుగు మీద, మోటారు ఆపిన తర్వాత. అట్లే చేస్తాము. ఇకమీదట వారి భుజాన ఏ గుడ్డయినా నిశ్చింతగా నిలవాలని, గాజుపొడి అంటని రొమ్ముతో, మిగిలిన ఎనిమిది వేళ్లతో మనుమల చేతులు పట్టుకొని వారు నిండు నూరేళ్లు నడవాలని మనసారా కోరుతున్నాము.