బోర్డు మీద ఏమున్నది?

బీదర్ ఊరి చివర, కొత్త కాలనీ గేటు దగ్గర ఆదివారం పొద్దున. కన్నడంలో రాసిన నోటీసు బోర్డు కింద ఊడుస్తున్న ఆమె చీపురు ఆపి, స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్‌ను అడిగింది.

“అన్నా, ఈ వారం ఏం రాసిండ్రు? నాకు సదువు రాదాయె.”

“ఏముంటది చెల్లె, ఎప్పటి లెక్కనే. రేపు నల్లా రాదంట. శనివారం ముగ్గుల పోటీ అంట.”

“ముగ్గుల పోటీ నిన్ననే అయిపాయె. ఆ రంగులే ఊడ్వలేక సస్తున్న.”

“అట్లనా? బోర్డు మార్చలేదేమో.”

“ఇందాకనే సెక్రటరీ సాబ్ తుడిచి మళ్ళ రాసిపోయిండు, నీ ముంగటనే. అన్నా, నీకు అచ్చరాలు కనవడ్తలేవా?”

“మెల్లగ మాట్లాడు. రెండు నెలలాయె, అంత పొగ పట్టినట్టే ఉన్నది. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు మాట్లాడింది విని నీకు చెప్తున్న.”

“ఎవరికి చెప్పలేదా?”

“కండ్లు కనవడని వాచ్‌మన్‌ను ఎవరు ఉంచుకుంటరు చెల్లె?”

“ఇయ్యాల హాల్ల కండ్ల క్యాంపు ఉన్నది. కుర్సీలు నేనే ఏసిన. బోర్డు మీద గూడ అదే రాసుంటరు. పా.”

“కాలనీ అంత ఆడనే ఉంటది. అందరు చూస్తరు.”

“వాళ్ళకు కనవడ్తలేదనే గద ఆడికి వచ్చిండ్రు.”

“గేటు ఎవరు చూసుకుంటరు?”

“రెండు నెలల సంది గేటే నిన్ను చూసుకుంటాంది. ఇంకో గంట చూసుకోదా? లెవ్వు.”