తొమ్మిదో ప్రశ్నకు జవాబు

సాగునీటి ఆఫీసులో ఇంజనీరుగారి బల్ల నిండా మ్యాపు పరిచి ఉంది. కొత్త కాలువకి సర్వే చేసొచ్చిన అమ్మాయి ఎదురుగా నించుంది.

"రిపోర్టు ఫారంలో అన్నీ నింపి తొమ్మిదో ప్రశ్న ఖాళీగా వదిలేశావేమ్మా?"

"కాలువ నీళ్లొస్తే నేల చెడుతుందా అని కదా సార్ ప్రశ్న. పాత రిపోర్టులన్నిట్లో 'చెడదు' అనే ఉంది. అలా రాయడానికి నాకు చెయ్యి రాలేదు."

"ఏం?"

"పల్లంలో ఏడు బావులు చూశాను. నిలువెత్తు లోతులోనే నీళ్లున్నాయి. నోట్లో పోసుకుంటే ఒకటే ఉప్పు. పైన కాలువ పారిందంటే అడుగునీళ్లు ఇంకా పైకి లేచి ఆ ఉప్పంతా నేల మీదికొస్తుంది. ముందు ఆ ఉప్పునీళ్లు బయటికి పోయేలా మురుగు కాలువ తవ్వాలి."

"అంటే ఇంకో ఏడాది ఆలస్యం. అక్కడ జనం నీళ్ల కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు."

"తెలుసు సార్. ఎప్పుడొస్తాయమ్మా అని నన్నే అడిగారు."

"పాత రిపోర్టుల్లో మొదటిది ఎవరు రాశారో చూశావా?"

"చూశాను సార్. మీ సంతకమే."

"అప్పుడే పెళ్లయింది. అత్తగారి ఊరికి నీళ్లు తెస్తున్నానన్న సంబరంలో, బావుల మొహం చూడకుండా 'చెడదు' అని రాసిపారేశాను. ఎనిమిదేళ్లకి మా మామగారి పొలం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. నువ్వు 'చెడుతుంది' అనే రాయి. పైవాళ్లకి నేను చెప్పుకుంటాను."

"మీ మామగారు ఏమీ అనలేదా సార్?"

"పల్లెత్తు మాట అనలేదు. ఓసారి వాళ్లింట్లో భోంచేస్తూ ఉప్పు అడిగాను. ఆయన లేచి పొలానికెళ్లి, గుప్పెడు మట్టి తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు."