శ్యామ్‌సుందర్ అన్నయ్యగారి డ్రైవింగ్ క్లాసు

స్టిక్ షిఫ్ట్, అదే గేర్ల కారు, నాకెవరు నేర్పారనా? మీ అంకుల్ అనుకున్నావా మీనా, ఆయనకంత ఓపికెక్కడిది. శ్యామ్‌సుందర్ అన్నయ్యగారమ్మా. నువ్వు పుట్టకముందే పోయారులే. డెబ్భై తొమ్మిదిలో ట్రాయ్‌లో మా పక్క అపార్ట్‌మెంటే, ఇంజన్ల ల్యాబ్‌లో పని. అందరూ ఇంతింత పొడుగు కార్లు కొంటుంటే ఈయన పాత పసుపు బీటిల్ ఒకటి తెచ్చుకున్నారు. "డిక్కీలో ఇంజనేమిటండీ, కుట్టుమిషన్‌లా ఆ చప్పుడేమిటి" అని మీ అంకుల్ ఏడిపించేవారు. ఆయనకి కోపం రాదే! పైగా చరిత్ర మొదలెట్టేవారు. న్యూయార్క్ స్టేట్‌లో పంతొమ్మిది వందల రెండులోనే ఇంజన్ చల్లబడ్డానికి నీళ్ళక్కర్లేని కార్లు చేశారనీ, ముప్పైల్లో చెక్ వాళ్ళు ఇంజన్‌ని వెనక పెట్టి గాలితోనే చల్లబరిచారనీ. నేను పులిహోర కలుపుకుంటున్నా సరే వదిలేవారు కాదు.

ఏం చెప్తున్నానూ... ఆ, డ్రైవింగ్. వెనకాల స్కూల్ పార్కింగ్ లాట్ ఉండేది. శని, ఆదివారాలు నన్నూ, కింద అపార్ట్‌మెంట్ ప్రమోదనీ, తన భార్య విజయశ్రీనీ పోగేసి నేర్పేవారు. విజయకి స్టీరింగ్ ముట్టుకోవాలంటేనే వణుకు. స్నో పడ్డాక కావాలనే గిర్రున తిప్పించేవారు. "బరువంతా వెనకుంది, తోక తిరుగుతుంది. భయపడి గ్యాస్ పెడల్ మీంచి కాలు లాగేశారో, ఇంకా తిరుగుతుంది. కాలు అలాగే ఉంచండి" అని. ఓ రోజు నడిచి వస్తూ, పక్కనే అంత లైట్ పోల్ ఉంటే దానికి కొట్టుకుని పడిపోయారు. నేను నవ్వాను కూడాను, బుద్ధిలేక. లేచి, స్నో దులుపుకుని, మెల్లిగా అన్నారు: "చెల్లెమ్మా, పక్కనున్నవి నాకు కనబడటం లేదు. ఉన్న చూపు కూడా ఇంకో ఏడాదో రెండేళ్ళో అన్నాడు డాక్టర్. విజయకి లైసెన్స్ వచ్చాక చెప్తాను. ముందే చెప్తే ఇంక కారెక్కదు." అప్పుడర్థమైంది, ఆఫీస్‌కి రోజూ మీ అంకుల్‌తో ఎందుకు వెళ్తున్నారో, మమ్మల్నందర్నీ ఎందుకు పోగేశారో. విజయకి తోడుగా అన్నమాట.

మార్చిలో విజయ టెస్ట్ పాసయ్యింది. ఆ సాయంత్రమే చెప్పారట. ఏడ్చిందో లేదో నాకు తెలీదు. మర్నాడు పొద్దున్నే హారన్ కొడుతోంది కింద, "ఎక్కండి, ఎటు వెళ్దాం?" అంటూ. ఆ రెండేళ్ళూ ప్రతి వీకెండూ తిప్పింది. లేక్ హ్యూరాన్‌కీ, చెర్రీ తోటలకీ, ఎక్కడికి కావాలంటే అక్కడికి. చివరికి చూపు బొత్తిగా పోయాక, ఆయన ఎన్నాళ్ళుగానో చెప్తూ వచ్చిన ఆ నీళ్ళక్కర్లేని కారు ఏదో మ్యూజియంలో ఉందని తెలిసి తీసుకెళ్ళింది. ఆయన అడ్డంగా కట్టిన తాడు మీంచి వంగి, ఇంజన్ మీద గాలి తగలడానికి పెట్టిన ఇనప రెక్కలు ఒక్కొక్కటే తడుముతున్నారట. గార్డొచ్చి ముట్టుకోకూడదన్నాడు. విజయ, మన విజయేనమ్మా, గట్టిగా నోరెత్తి ఎరగదు, "ఆయన చదువుకుంటున్నారు" అందట. వాడు తాడు కొక్కెం తీసేసి అటు తిరిగి నుంచున్నాడట.

అదీ... ఎనభై ఆరులో ఆయన...

పప్పులో ఉప్పు చూడు తల్లీ, వేశానో లేదో.