బిగించేదాకా కాలెత్తకు

టికియాపారా రైల్వే క్వార్టర్ల వెనక సందు, ఆదివారం మధ్యాహ్నం. బంగారయ్య తన పాత స్కూలు వ్యాను వెనక చక్రం ఊడదీసి, బ్రేకు గొట్టంలో చేరిన గాలి తీయడానికి నేల మీద పడుకున్నాడు. పెళ్లయి ముప్పై ఏళ్లయినా ఏనాడూ ఆ డ్రైవరు సీటెక్కని కాసులమ్మ ఇవాళ బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంది.

"తొక్కు."

"తొక్కినాను."

"మళ్లీ. మళ్లీ. ఇంకోపాలి. ఇంక అలాగే నొక్కీసి ఉంచు. నాను బోల్టు ఇప్పి మళ్లీ బిగించీదాకా కాలెత్తకు."

"ఎన్నిసార్లు సెప్తావు? ఎత్తితే ఏటవుద్ది?"

"గాలి లోపలికి పీల్చీసుకుంటది. మళ్లీ మొదట్నుంచీ చెయ్యాల. ఆఁ, బిగించీసినాను, ఒగ్గు. ఇప్పుడు తొక్కి సూడు. గట్టిపడిందా?"

"మెత్తగే ఉంది."

"మెత్తగా ఎలాగుంటది? నాలుగు చక్రాలూ రెండేసి పాలీలు అయ్యాయి. సీసాలో ఆయిలు సగం అయిపోనాది."

"నన్నడిగితే? మన పిల్లడు హరీష్‌కి గ్యారేజీలో రోజూ ఇదే పని కదా. ఆడొస్తానన్లేదేటి? పొయ్యి మీద సేపల పులుసు ఒగ్గీసి నానెందుకిక్కడ?"

"ఆడి కాలు బరువు. ఆ పానా ఇటియ్యి. వద్దులే, నా చేతిలోనే ఉంది."

"అది పన్నెండు నంబరు. పది నీ మోకాలి కాడుంది. ఎడం మోకాలు. నాకు ఇక్కడికి అవుపడతంది."

"నాకూ అవుపడింది."

"ఆఁ."

"ఆఁ ఏటి?"

"ఏటీ లేదు. తొక్కాలా?"

"ఉండు, ఫోను. ఆఁ అమ్మా, సెప్పండి. రేపా? రేపు... బ్రేకు పనే సేస్తన్నానమ్మా. ఏడుంపావుకి మీ గేటు కాడుంటాను. ఆఁ, అలాగే."

"ఎవులు?"

"మౌక్తికోళ్లమ్మ. పూజల సెలవులు అయిపోనాయి కదా, రేపు బడికి పిల్లలు ఏడుగురూ వస్తారంట."

"ఏడుగురు."

"తొక్కవే."

"మొన్న టీ కొట్టు బల్లని గుద్దీసినపుడు..."

"బండిలో ఎవులూ లేరు. బల్ల మీదా ఎవులూ లేరు. బ్రేకు పట్టలేదు, అంతే."

"ఈ పాడాలో ఇంటింటికీ అదే సెప్పినావు."

"పట్టలేదు కాబట్టి సెప్పినాను. నొక్కి ఉంచినావా?"

"ఉంచినాను."

"ఎత్తలేదు కదా?"

"ఎత్తలేదు."

"మరి ఈ బుడగలెక్కడియి?"

"నాకేటి తెల్సు? ఆ బల్ల ఏ పక్కనుంది?"

"ఏ బల్ల?"

"ఎడం పక్క. నిన్న కంచంలో ఎడం పక్కనేసిన వంకాయ కూర అలాగే ఉండిపోనాది. మొన్న పాప నీకెడం పక్కన నిలబడి తాతా తాతా అంటంటే ఎటో సూసినావు."

"వంకాయ నాకు పడదు."

"ముప్పై ఏళ్లు తిన్నావు. కంటాసుపత్రికి ఎల్దాం రమ్మంటే రోజూ బండి పనంటావు."

"ఇరవై రెండేళ్లు పిల్లల్ని దింపినాను కాసులూ. ఒక్క పిల్లకి గీత పడలేదు. బండి దిగిపోతే నానేటి సేస్తాను? నీ పక్కన కూకుని పప్పులో రాళ్లేరనా?"

"ఏరు. తప్పేటి?"

"ఈ గోలొద్దు. ఇదే ఆఖరు. తొక్కు. గట్టిపడితే చక్రం బిగించీసి, రేపు ఏడింటికి ఎలిపోతాను."

"గట్టిపడదు."

"ఎందుకు పడదు?"

"నాను పడనివ్వను. నువ్వు బోల్టు ఇప్పినపుడల్లా నానే కాలెత్తీసినాను. మొదట్నుంచీ ఎత్తుతూనే ఉన్నాను. నాకు బయ్యంగా ఉంది. బండి బాగైతే పిల్లల్ని ఎక్కించుకుంటావు. పాడైంది బ్రేకు కాదు, నీ కళ్లు. తిట్టుకో నన్ను, ఎంతైనా తిట్టుకో. రేపు మాత్రం ఎల్లకు."

"నువ్వు కాలెత్తితే గొట్టంలో ఆయిలు ఎనక్కి పోద్ది. దానికి కళ్లక్కర్లేదు, వేలికి తెలుస్తది. మొదటి చక్రం కాడే తెలిసింది నాకు."

"మరి అప్పుడే తిట్టలేదేటి?"

"హరీష్ పొద్దున్నే వచ్చినాడు. బండి బాగైపోద్దని నానే ఎల్లిపొమ్మన్నాను. ఆడైతే కాలెత్తడు."