ఆయన వినని పదకొండు పేజీలు

ఇక్కడికి వచ్చిన పెద్దలకు, మేడమ్‌గారికి, సార్ దగ్గర చదువుకున్న తోటివాళ్లకు నమస్కారం. కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లకు కూడా.

సార్ పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఈ గదిలోనే ఆయన ఇరవై ఆరేళ్లు పాఠం చెప్పారు. ఏ సంవత్సరమూ ఇరవై మందికి మించి విద్యార్థులు లేరు. ఇవాళ ఇంతమందిని చూస్తే తలుపు దగ్గరే ఆగి, "తప్పు గదికి వచ్చానేమో" అనేవారు.

మీ చేతుల్లో ఉన్న కాగితంలో, నా వంతు దగ్గర, 'సార్ గురించి రాసిన వ్యాసం చదువుతారు' అని అచ్చయింది. ఆ వ్యాసం నా జేబులో ఉంది. పదకొండు పేజీలు. చదవాలా వద్దా అన్నది ఈ మెట్లు ఎక్కేదాకా తేల్చుకోలేకపోయాను. ఎందుకో చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

నేను ఇక్కడ ఇంగ్లీషు సాహిత్యం, రచన అనే డిగ్రీలో చేరినప్పుడు మా మేనమామ ఒకటే అడిగాడు: "ఇంగ్లీషులో రాస్తే బావిలో నీళ్లు త్వరగా పడతాయా అల్లుడూ?" మా నాన్న బావులు తవ్వే మేస్త్రీ. నిజానికి లెక్కల్లో సీటు రాక ఇందులో చేరాను. మా తొమ్మిదిమందిలో సగం మంది అలా చేరినవాళ్లమే.

మొదటి వారం సార్ ఏ పుస్తకమూ ఇవ్వలేదు. మీ ఇంట్లో జరిగే పని ఏదైనా ఒక పేజీలో ఇంగ్లీషులో రాసుకు రమ్మన్నారు. నేను నిఘంటువు ముందేసుకుని లావుపాటి మాటలన్నీ ఏరి మా నాన్న గురించి రాశాను. సార్ చదివి, "మీ నాన్నకు ఎవరిదో కోటు తొడిగావు. పాపం, గడ్డపార ఎత్తలేకపోతున్నాడు. విప్పెయ్" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ కోటు విప్పడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

రెండో ఏడు మళ్లీ మా నాన్న గురించే రాశాను. ఒకసారి బావి అంచు కూలి ఆయన మెడదాకా మట్టిలో కూరుకుపోయాడు. బతికి బయటపడ్డాడు కానీ, ఆ తర్వాత ఏ బావిలోకీ దిగలేదు. మోకాలు నొప్పి అని చెప్పి మా బాబాయిని దింపేవాడు. మోకాలికి ఏమీ లేదు. భయం. ఆ సంగతి మా అమ్మకూ నాకూ తెలుసు. అదే రాశాను.

అది సార్‌కు ఎంత నచ్చిందంటే, నన్ను కూడా అడగకుండా కళాశాల వార్షిక సంచికలో వేసేశారు. ఇంగ్లీషే కదా, ఊళ్లో ఎవరు చదువుతారు అనుకున్నాం ఇద్దరం. చదివారు. పంపుసెట్లు బాగుచేసే ఆయన కూతురు మా కళాశాలే. ఇంట్లో చదివి అర్థం చెప్పింది. మర్నాటి నుంచి ఎదురుపడ్డ ప్రతివాడూ "మోకాలు ఎలా ఉంది మేస్త్రీ?" అని అడగడమే. మా బాబాయి తన తట్ట, పార తీసుకుని వేరే ముఠాలో చేరిపోయాడు. మా నాన్న నెల రోజులు గడప దాటలేదు. నాతో మాట్లాడలేదు.

అప్పుడు సార్ మా ఇంటికి సైకిలు మీద వచ్చారు. మా నాన్న కూర్చోమనలేదు. ఆయన వాకిట్లో నిలబడే చెప్పారు: "రాసినవాడికి పందొమ్మిదేళ్లు. అచ్చు వేసినవాడికి నలభై నాలుగు. తప్పు నాది." మా నాన్న సైకిలు చక్రం కేసి చూసి, "బాగా రాశాడా?" అని అడిగాడు. "బాగా రాశాడు. అందుకే ఇంత దెబ్బ తగిలింది" అన్నారు సార్.

ఆ తర్వాత భుజాన సంచి తగిలించుకుని, ఇల్లిల్లూ తిరిగి సంచికలు వెనక్కి అడిగారు. మూడు వందలు వేస్తే రెండు వందల పన్నెండు దొరికాయి. ఎందుకని అడిగితే "అడగకుండా వేశాను" అని మాత్రం చెప్పేవారు. ఆయన్ని చూసి నవ్వినవాళ్లు ఇవాళ ఈ గదిలో కూడా ఉన్నారు. నేనేమీ అనుకోవడం లేదు.

ఆ సంవత్సరం నుంచి ఇక్కడ ఒక కట్టుబాటు వచ్చింది. ఎవరి గురించి రాశావో వాళ్లు ముందు వినాలి. వాళ్లకెదురుగా కూర్చుని, వాళ్లకు తెలిసిన భాషలో, ఒక్క ముక్క దాచకుండా చెప్పాలి. వద్దన్నారా, మార్కులు వేస్తారు, కాగితాలు మాత్రం గది దాటవు. ఆ కాగితాలు పెట్టడానికి ఇనప బీరువా తెప్పించారు. పిల్లలు ఆయనకు 'బీరువా సార్' అని పేరు పెట్టారు. ఏటా మొదటి క్లాసులో తన తప్పు తానే చెప్పుకునేవారు. అందుకే ఇవాళ నేను చెప్పగలుగుతున్నాను. మరి మీ నాన్న సంగతి చెప్పొచ్చా అంటారా? ఆయన మూడో వరసలో కూర్చున్నాడు. పొద్దున అడిగే వచ్చాను.

ఆఖరి ఏడు ఆ వ్యాసం తిరగరాసి మా నాన్నకు వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. ఒక్కచోట ఆపాడు. "మోకాలి సంగతి ఉంచు. తాడు మాత్రం సరిగా రాయి. అంత సన్నపు తాడుతో మనిషిని ఎవడు దింపుతాడ్రా?" అన్నాడు. ఈ మాట చెబితే సార్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నాకు డిగ్రీలో వచ్చిన మార్కులు గుర్తు లేవు. ఆ తాడు ఎంత లావుండాలో గుర్తుంది. మా బాబాయి మాత్రం తిరిగి రాలేదు. అది మేమెవరమూ సరిదిద్దలేకపోయాం.

నేనిప్పుడు పాల కేంద్రంలో పనిచేస్తున్నాను. ఇంగ్లీషు చదివి పాలు కొలుస్తున్నావా అంటారు. కొలుస్తున్నాను. తీరిక దొరికినప్పుడు రాస్తున్నాను. పోయిన ఏడాది సార్ గురించి రాశాను. అందులో మీరంతా ఒప్పుకునే మంచి ఉంది. ఆయన ఎవరికీ చెప్పుకోని సంగతి కూడా ఒకటుంది. చెడ్డదేమీ కాదు. కానీ అది ఆయనది.

వినిపించాలని మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి చుట్టాలున్నారు. రెండోసారి ఆయన ఆయాసపడుతున్నారు. మూడోసారి ఎవరూ లేరు, ఆయన తేటగా ఉన్నారు, నేనే జేబులోంచి తీయలేకపోయాను. "ఏదో తెచ్చినట్టున్నావే" అన్నారు. "ఇంకా పూర్తి కాలేదు సార్" అన్నాను. "సరే, పూర్తయ్యాక రా. నేనెక్కడికి పోతాను?" అన్నారు.

మిత్రులారా, అది అప్పటికి నెల కిందటే పూర్తయింది. కన్నతండ్రి భయాన్ని ఊరందరికీ చాటినవాణ్ని, ఒక్క మనిషి ముందు పదకొండు పేజీలు చదవడానికి భయపడ్డాను. ఆయన నొచ్చుకుంటారేమోనని భయం. వద్దంటారేమోనని అంతకన్నా భయం. పన్నెండు రోజులకు కబురు వచ్చింది.

నిన్న సార్ ఇంటికి వెళ్లి, ఆయన భార్య మేడమ్‌గారిని అడిగాను. "చదువు నాయనా, ఆయనేమీ అనుకోరు" అన్నారు. అమ్మా, మీ మాట కాదంటున్నందుకు నన్ను మన్నించండి. ఆయన వద్దనేవారా? ఆ సంగతి ఉంచి ఇంకేదో సరిచెయ్యమనేవారా? మీకు తెలియదు, నాకు తెలియదు. చెప్పవలసిన ఆయనకు నేను ఆ వీలే ఇవ్వలేదు.

కాబట్టి ఇవి చదవను. ఇక్కడే కాదు, ఎక్కడా చదవను.

నా వంతులో ఇంకా కొంత సమయం మిగిలింది. అందులో రెండు నిమిషాలు ఎవరమూ మాట్లాడకుండా ఉందాం. లేవగలిగినవాళ్లు లేవండి. ఆయన గురించి ఎవరి మనసులో ఏ మాట ఉంటే, దాన్ని అక్కడే ఉంచుకుని నిలబడదాం.