రైలుకు కుట్టు వేసిన పాండురంగన్

పాండురంగన్ అబద్ధాలకోరు కాదు. ఆ మాట ఎవరన్నా అంటే ఆయన భార్య బొమ్మి కూడా ఒప్పుకోదు. ఒకరి కొంప ముంచడానికో తన తప్పు కప్పిపుచ్చుకోవడానికో ఆయన ఏనాడూ అబద్ధం ఆడలేదు. కాకపోతే తన ఇంటి తిన్నె మీద నలుగురు చేరి, ‘ఇది ఎవరు చేసినారు?’ అని అడిగితే మాత్రం, అది బావి తవ్వడం కానీ బిడ్డకు పేరు పెట్టడం కానీ, ‘నేనే’ అనకుండా ఆయన నోరు ఊరుకోదు. నేనే అన్నాక దానికి తగిన కథ ఒకటి కావాలి గదా. అది అడక్కుండానే వచ్చేస్తుంది. పత్తి ఏరడం అయిపోయిందంటే రాజపాళయంలో చేను ఉన్న మనిషికి మధ్యాహ్నాలన్నీ తీరికే.

ఆ మధ్యాహ్నం తిన్నె మీదికి వచ్చి కూర్చున్నది మామూలు మనిషి కాదు, విజయరాఘవ రాజా. తాతల నాటి భూములు, కొత్తగా లేచిన నూలు మిల్లులో వాటా, గుమ్మంలో రెండు తెల్ల వేటకుక్కలు ఉన్న ఇల్లు ఆయనది. అంతటివాడు ఎండలో నడిచి వచ్చాడని పాండురంగన్ చాప పరిచాడు, లోపలికి కేకేసి కాపి పెట్టమన్నాడు. పక్కింటి పెరుమాళ్‌సామి పిలవకుండానే వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. వరసకు బావమరిది, రోజూ వచ్చేవాడే.

రాజా భుజం మీది తుండుతో మెడ తుడుచుకుని, “నాయకరే, ఒక సంగతి అడుగుదామని వచ్చినా. తళవాయిపురం పెండ్లిలో మీరు తొడుక్కోనుండిన చొక్కా ఎవరు కుట్టినారు? కాలర్ ముడత లేకుండా నిలిచి ఉండింది. మదురైలో కుట్టించినా అట్ల రాదు,” అన్నాడు.

లోపల పొయ్యి దగ్గర ఉన్న బొమ్మి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు తెలుసు. పాలు పోసే ఇసక్కియమ్మాళ్ వారం కింద చెప్పింది. రాజా ఇంటికి మదురై నుంచి కాలు కుట్టుమిషన్ వచ్చిందట. కోడలు గోమతి, కూతుళ్ళు దాని చుట్టూ కూర్చుని చూడడమే కానీ తొక్కడం ఎవరికీ చేతకాలేదట. ఆ ఇంటి ఆడవాళ్ళు గడప దాటరు, టైలర్ మగవాడు లోపలికి పోకూడదు. కుట్టు తెలిసిన ఆడమనిషి కోసం రాజా వెతుకుతున్నాడట.

బొమ్మి దగ్గర ఉన్నది చేతి మిషన్. కొలంబోలో కొట్టు పెట్టుకున్న అన్న, ఊరికి వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చాడు. కుట్టమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెయ్యి ఊరుకోక మొదలుపెట్టింది. పాత రవికల కుట్లు విప్పి ముక్కలు చూసి కొత్తవి కుట్టింది, వీధిలో పిల్లలకు గౌన్లు కుట్టింది, చివరికి మొగుడి చొక్కా కుట్లు విప్పి కాలర్ పట్టు కూడా తెలుసుకుంది. చేతి మిషన్‌తో ఒక్కటే ఇబ్బంది. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంటే గుడ్డకు ఎడమచెయ్యి ఒక్కటే మిగులుతుంది, కాలర్ వంపు దగ్గర గుడ్డ జారిపోతుంది. కాలు మిషన్ అయితే రెండు చేతులూ గుడ్డ మీదే ఉంటాయి. ఒక్కసారి అట్లా కూర్చుని కుట్టాలని ఈ వారమంతా ఆమెకు మనసు నిలవలేదు. మొగుడికి మాత్రం చెప్పలేదు. చెబితే సాయంత్రానికల్లా ఊరంతా తెలిసేది, మర్నాటికి ఆ కాలు మిషన్ కనిపెట్టింది ఆయనే అయి ఉండేది.

ఇప్పుడు ఆయన నోట్లోంచి ‘మా ఇంటిది’ అన్న ఒక్క మాట వస్తే చాలు. బొమ్మి తలుపు వైపు చెవి పెట్టింది.

“నేనే,” అన్నాడు పాండురంగన్.

బొమ్మి గరిటె కింద పెట్టింది. గోడకు ఆనుకుని ఆకు నములుతున్న అత్త వల్లియమ్మాళ్ కోడలి ముఖం చూసి నమలడం ఆపింది.

“మీరేనా?” అన్నాడు రాజా.

“ఇంకెవరు? మా ఇంట్లో తైయల్ మిషన్, ఆ కుట్టు మిషన్, ఊరికే పెట్టుకోవడానికా? కాలర్ ఒక పెద్ద పనా అయ్యా, అది పండ్లు తోముకొంటా కుట్టినా. నిజానికి నేను కత్తెర కూడా వాడను. మొదట్లో కత్తెర లేదు, కత్తిపీట మీద కూచోని వంకాయ తరిగినట్ల గుడ్డ తరిగేవాణ్ణి. అదే అలవాటు అయిపోయింది. అళవు తీయడం అంటారే, టేపు పట్టుకోని మనిషి చుట్టూ తిరగడం, అది నాకు నామోషీ. మనిషి మా వీధి ఈ మొదట్లో కనిపిస్తే చాలు, ఆ కొసకు పోయేలోపల చొక్కా అయిపోతుంది. పేరు పెట్టి పిల్చి తొడుగుతా.”

“నాకు ఒకటి కుట్టియ్యకూడదా బావా?” అన్నాడు పెరుమాళ్‌సామి.

“నువ్వు నిదానంగా నడుస్తావు. నీకు కుట్టేది నాకు గొప్ప కాదు.”

రాజా నవ్వలేదు, వల్లియమ్మాళ్ తెచ్చిచ్చిన కాపి తాగుతూ తల ఊపాడు. పెద్దమనిషి ఎదుటివాడి మాట మధ్యలో లేచిపోడు. ఆ మర్యాద పాండురంగన్‌కు ఆవిరి ఇంజిన్‌కు బొగ్గు వేసినట్టు అయింది.

“మనిషైతే పర్వాలేదు. మీ ఇంట్లో ఉండే మాదిరి వేటకుక్క ఒకటి సత్రపట్టిలో ఉండింది. ఆ పొద్దు మార్గళి చలి, కుక్కకు కోటు కావాల అన్నారు. ఆ జాతి కుక్క ఒక చోట నిలబడుతుందా? మీకు తెలియందేముంది. నన్ను చూస్తానే పరుగు తీసింది. నేను విడుస్తానా? మిషన్‌ను నీళ్ళకడవ మాదిరి చంకన పెట్టుకోని దాని ఎనకాలే పరిగెత్తినా. అది పోతా ఉంది, నేను పోతా ఉన్నా, దాని ఒంటి మీదనే కుడతా ఉన్నా. వీపు అయింది, పొట్ట అయింది, ఊరి పొలిమేర వచ్చేసరికి బొత్తాలకు కాజాలు తీస్తా ఉన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“కుక్క కరిచింది,” అన్నాడు పెరుమాళ్‌సామి.

“యాడ కరుస్తుంది? దానికి ఎదురుగా కుందేలు. కుక్క కుందేల్ని పట్టాల, కోటు కొత్తది, మురికి అవుతుందని ఆలోచిస్తా నిలబడిపోయింది. నా దగ్గర గుడ్డ కొంచెం మిగిలింది. పాపం అని కుందేలుకు కూడా ఒకటి కుట్టి ఇడిసిపెట్టినా. ఇప్పటికీ సంజీవి మలై కొండ పక్కకు పోతే కట్టెలు కొట్టేవాళ్ళు చూస్తారు, నీలంచారల కోటు.”

“చారలు అడ్డమా నిలువా?” రాజా అడిగాడు.

ఇంతవరకు ఆ ప్రశ్న పాండురంగన్‌ను ఎవరూ అడగలేదు. ఒక్క క్షణం ఆలోచించి, “పరిగెత్తేటప్పుడు అడ్డం, కూచున్నప్పుడు నిలువు,” అన్నాడు.

బొమ్మి ఇంకోసారి పోయడానికి కాపి గిన్నె తలుపు దాకా తెచ్చి అక్కడే నిలబడిపోయింది. ఆమెకు కోపంగా ఉంది. మామూలుగా అయితే ఈ కోతలకు లోపలే నవ్వుకునేది. కుక్క కథ ఇంతకు ముందు విన్నదే, అప్పుడు కుందేలు లేదు. కానీ ఈ రోజు ఆయన నోట్లోంచి వచ్చే ఒక్కొక్క మాట ఆ కాలు మిషన్‌ను ఆమెకు ఇంకా దూరంగా జరుపుతోంది. పోయి అడ్డం పడదామంటే తిన్నె మీద మగవాళ్ళు మాట్లాడుతుంటే కోడలు మధ్యలో దూరడం ఆ ఇంట్లో లేదు.

“ఇదంతా చిన్నపని,” అంటున్నాడు పాండురంగన్ కాళ్ళు మడుచుకుని. “తెన్‌కాశికి పొయ్యే రైల్లో జరిగింది చెప్తా వినండి. మిషన్ తోడు లేకుండా నేను యాడికీ పోను, ఒళ్ళో పెట్టుకోని కూచోనున్నా. శంకరన్‌కోయిల్ ఇంకా రాలేదు. టక్ అని ఒక శబ్దం. తల బయట పెట్టి చూస్తే మా పెట్టెకూ దాని ఎనక పెట్టెకూ నడుమ కొక్కీ ఊడిపోయింది. ముందర సగం రైలు పోతా ఉంది, ఎనక సగం నిలబడిపోతా ఉంది. ఆ ఎనక సగంలో పెండ్లివాళ్ళు. పెండ్లికొడుకు మా పెట్టెలో, పెండ్లికూతురు ఆ పెట్టెలో. అందరూ ఏడుస్తా ఉన్నారు. గార్డు వచ్చి నా కాళ్ళ మీద పడినాడు.”

“గార్డుకు నువ్వు ఎట్ల తెలుసు?”

“నేను ఎవరికి తెలీదు? పెండ్లివాళ్ళు కూచోను తెచ్చుకున్న జముక్కాళం తీసి నడుమ పరిచినా. ఒక అంచు ఈ పెట్టెకు, ఒక అంచు ఆ పెట్టెకు. మోకాళ్ళ మీద కూచోని కుట్టు మొదులుపెట్టినా. కింద పట్టాలు పరిగెత్తతా ఉన్నాయి, చేయి జారితే మనిషి మిగలడు. గుడ్డకు గుడ్డ కుట్టడం అందరూ చేస్తారు, ఇనుముకు గుడ్డ కుట్టినవాడు ఉన్నాడా? సగం అయింది. ఫట్. సూది మొన విరిగిపోయింది. ఆ ముక్క ఎగిరి ఒక తాటిచెట్టులో దిగితే ఆ చెట్టు ఆ పొద్దు నుంచి కల్లు ఇయ్యలేదు. ఇంకొకడైతే చేతులెత్తేస్తాడు. నేను కుట్టు ఆపలేదు. మొన లేకపోతే పోయింది, మిగతా సూది ఉంది గదా అని అదే దారంతో, ఆ మొండి సూదితోనే కొస దాకా కుట్టేసినా. తెన్‌కాశి చేరేదాకా ఒక్క పోగు ఊడలేదు. పెండ్లి అయింది. మొదట తాంబూలం నాకే ఇచ్చినారు.”

పెరుమాళ్‌సామి రైలు కథకు అడ్డు చెప్పడానికి ఏమీ దొరక్క తల గోక్కున్నాడు. దూరంగా మిల్లులో పని వేళ తెలిపే సంగు మోగింది. రాజా కాపి లోటా కింద పెట్టి లేచాడు.

“మంచిది నాయకరే. మీ చేతిపని గొప్పదే. కానీ నాకు పని కుదర్లేదు. మా ఇంట్లో కాలు మిషన్ కొన్నాము. కోడలికి, ఆడపిల్లలకు నేర్పడానికి ఒక ఆడమనిషి కావాల. ఆ కాలర్ చూసి, ఇది ఆడవాళ్ళ చేతిపని, మీ ఇంట్లోనే ఎవరో ఉన్నారు అనుకోని వచ్చినా. మీరు మగవాళ్ళు, లోపలికి పిలవలేను. మదురై నుంచే ఎవరినన్నా పిలిపిస్తా.”

పాండురంగన్ నోరు తెరిచాడు.  ఇప్పుడు వెనక్కి తీసుకుంటే కుక్క పోతుంది, కుందేలు పోతుంది, రైలు మొత్తం పోతుంది. తలుపు వైపు చూశాడు. అక్కడ బొమ్మి ముఖం చూశాక తాను ఏం పోగొట్టాడో ఆయనకు అర్థమైంది. 

రాజా చెప్పుల్లో కాలు పెట్టాడు. వెనక నుంచి వల్లియమ్మాళ్ కోడలి వీపు మీద వేలితో పొడిచింది. “అడుగు,” అంది మెల్లగా. “రేపు అడగలేవు.”

బొమ్మి గడప మీదికి వచ్చింది. “అయ్యా, పొయ్యేముందు ఒక సందేహం,” అంది.  “రైల్లో సూది మొన విరిగింది అన్నారు ఈయన. విరిగినాక దారం యాడ ఉండింది?”

“సూదిలోనే ఉంటుంది. ఎందుకమ్మా?” అన్నాడు రాజా.

“చేతి సూదికి కన్ను పైన ఉంటుంది అయ్యా. మిషన్ సూదికి కన్ను మొనలో ఉంటుంది. దారం ఎక్కించేది ఆ మొనలోనే. మొన ఎగిరిపోయి తాటిచెట్టులో దిగితే, కన్నూ దారమూ కూడా తాటిచెట్టులోనే ఉండాల. ఆ మొండిసూదితో కొస దాకా ఏమి పెట్టి కుట్టినారో తెలుసుకుందామని.”

 పెరుమాళ్‌సామి ముందు అర్థం చేసుకుని తుండు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రాజా చెప్పులు విడిచి మళ్ళీ అరుగు అంచున కూర్చున్నాడు.

“నాయకరే, మిషన్ సూదికి కన్ను యాడ ఉంటుంది?”

పాండురంగన్ మీసం సవరించుకున్నాడు. “అది మిషన్‌ను బట్టి ఉంటుంది అయ్యా.”

పెరుమాళ్‌సామి ఇంక ఆపుకోలేకపోయాడు. లోపల వల్లియమ్మాళ్ కూడా నవ్వింది. కొడుకు మీద నవ్వినందుకు కాబోలు వెంటనే దగ్గింది. పాండురంగన్ మాత్రం తలవంచుకుని చాప అంచు పీకుతున్నాడు.  బొమ్మికి జాలేసింది. కోపం సగం దిగిపోయింది.

“ఆ కాలర్ నువ్వు కుట్టింది, అంతేనా?” అని అడిగాడు రాజా.

“ఆమాం అయ్యా, నేనే.”

“రేపు పొద్దున్నే మా ఇంటికి వస్తావా? మా గోమతి నీ కోసం కాచుకోనుంటుంది.”

“వస్తా.” ఆ మాట ఆమె మొగుడిని అడగకుండానే అనేసింది. పాండురంగన్ తలెత్తాడు, తర్వాత గట్టిగా తల ఊపాడు, పంపుతున్నది తానే అన్నట్టు.

“ఇంత పని నీకు ఎవరమ్మా నేర్పినారు?”

ఆ ప్రశ్న వినేసరికి పాండురంగన్ వీపు దానంతట అదే నిటారుగా అయింది. బొమ్మి అది చూసింది.

“ఆయన వల్లే అయ్యా,” అంది. “తిన్నె ఎక్కి ఒక కత మొదులుపెడితే మళ్ళీ లోపలికి వచ్చేసరికి నాకు ఒక రవిక అయిపోయేది. అట్ల కూచోని కూచోని నేర్చుకున్నా.”

రాజా ఈసారి నవ్వాడు. లేచి తుండు భుజాన వేసుకుని, “అట్లయితే రేపు ఆయన్ని కూడా పిల్చుకోని రామ్మా,” అన్నాడు. “మా తిన్నె ఇంకా పెద్దది.”