మేయర్ గారి మేనత్త తెచ్చిన ఓట్లు

మేయర్‌ని దించాలా వద్దా అని మా ఊరు ఓటేసిన ఆదివారం, పోలింగ్ ముగిశాక, బడి మెట్ల మీద ఆయన మేనత్త నన్ను ఆపింది.

“నువ్వు దించమనే వేసుంటావు.”

“ఊళ్లో ఆసుపత్రి మూయించాడు. క్రాకోవ్ నగరానికి తీసుకెళ్తుంటే మా ఆవిడ దారిలోనే పోయింది. ఇంకెలా వేస్తానమ్మా?”

“మేం మాత్రం మా బొగుమిల్ ఉండాలనే వేశాం. చర్చిలో పాడే నలభై మందినీ నేనే వెంటబెట్టుకొచ్చాను. వాడి మనుషులు చూడు, ఇళ్లలో నక్కారు, పిరికిపందలు!”

“ఇంట్లో ఉండమని ఆయనే చెప్పాడు. మూడు వేల మంది రాకపోతే ఈ ఓటింగే చెల్లదు. వచ్చినవాళ్లలో మీరు తప్ప అందరూ దించడానికే వచ్చారు.”

“నాకు చెప్పలేదే వాడు! మూడు వేలూ వచ్చారా?”

“వచ్చారు. ఆఖర్న వచ్చింది మీరే. మీరు రాకముందు ముప్పై మంది తక్కువ.”

“అయితే మేం ఇంట్లోనే ఉండుంటే?”

“మీవాడు కుర్చీలోనే ఉండేవాడు. వెళ్లి చెప్పండి, ఖాళీ చెయ్యమని.”